వడ్డీ లేని అప్పుకు లెక్క రాయడం: ఇస్లామిక్ ఆర్థిక ప్రమాణాలపై దక్షిణ తెలంగాణ మెట్ట నుంచి ఒక సమీక్ష

ఇస్లామిక్ ఆర్థిక సంస్థలు లెక్కలు ఎలా రాయాలి, వాటిని నడిపేవారు ఏ నీతికి కట్టుబడి ఉండాలి అన్న ప్రశ్న మీద 1990 నుంచి బహ్రెయిన్, మలేషియా, పాకిస్తాన్, ఇండోనేషియాల్లో విస్తారమైన చర్చ జరిగింది. ఆ చర్చ చాలావరకు పెద్ద బ్యాంకుల అవసరాల చుట్టూనే తిరిగింది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అటువంటి బ్యాంకు లేదు, దేశం మొత్తంలో ఎక్కడా లేదు, ఈ రెండు జిల్లాల జనాభాలో ముస్లింలు పదిమందిలో ఒకరికన్నా తక్కువే. అయినప్పటికీ, అప్పు ఇచ్చినవాడికి దక్కే లాభం ఏ రూపంలో దక్కుతున్నది, దాన్ని పుస్తకంలో ఏ పద్దు కింద రాయాలి, ఆ రాత సరైనదేనని ఎవరు చెప్పాలి అన్న ప్రశ్నలు ఈ మెట్ట నేలకు చాలా పాతవి. ఇక్కడి అప్పుల అనుభవంతో పోల్చి చూస్తే అంతర్జాతీయ ప్రమాణాల్లో ఏది గట్టిదో, ఏది డొల్లో తొందరగానే బయటపడుతుంది.

ఇస్లామిక్ ఆర్థిక విధానానికి మూలం రిబా నిషేధం. అప్పుగా ఇచ్చిన దానికి మించి షరతు పెట్టి తీసుకునే ఏ అదనమైనా రిబాయే. డబ్బుకు డబ్బు పెరగడమే కాదు, ఒకే జాతి ధాన్యాన్ని ఎక్కువ తక్కువలతో మార్చుకోవడం కూడా దాని కిందికే వస్తుంది. దీనికి తోడు ఘరర్ అనే రెండో నిషేధం ఉన్నది: సరుకు, ధర, గడువు తేలకుండా చేసుకునే అనిశ్చిత ఒప్పందం చెల్లదు. ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, అంటే రెండో అధ్యాయంలోని 282వది, అప్పు పత్రం రాసుకోవడం గురించే మాట్లాడుతుంది. రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులు ఉండాలని చెబుతూ, పత్రంలోని మాటలను బాకీ పడ్డవాడే చెప్పి రాయించాలని అది నిర్దేశిస్తుంది. పుస్తకం షావుకారు పెట్టెలో, వేలిముద్ర మాత్రం రైతుది అన్నట్టు సాగిన తెలంగాణ పల్లె చరిత్రలో ఈ ఒక్క నియమం అమలై ఉంటే ఎన్ని భూములు చేతులు మారకుండా నిలిచేవో ఊహించవచ్చు.

ఆ చరిత్రలో మొదట చెప్పుకోవలసింది నాగు. విత్తనాలకో, తిండికో దొర గడీ నుంచి గింజలు తెచ్చుకుని, పంట కల్లానికి రాగానే ఒకటికి ఒకటిన్నర, కొన్నిచోట్ల రెండింతలు కొలిచి ఇవ్వడం నాగు పద్ధతి. నాలుగైదు నెలలకే సగానికి సగం పెరిగే ఈ అప్పును ఏడాది లెక్కకు తిప్పితే నూటికి నూరు దాటిపోతుంది. ఆంధ్ర మహాసభ ఎత్తుకున్న సమస్యల్లో వెట్టితో పాటు నాగు కూడా ఉండడం, 1946–51 సాయుధ పోరాటంలో నల్లగొండ పల్లెల్లో అప్పు పత్రాలు తగలబడడం ఆ భారం వల్లనే. రెండోది పాలమూరు కూలీల అడ్వాన్సు. కాలువలు, డ్యాములు, రోడ్ల పనులకు దేశమంతా తిరిగిన ఈ కూలీలకు మేస్త్రీ ముందుగా ఇచ్చే సొమ్ము మీద చాలాసార్లు వడ్డీ రాసి ఉండదు. కానీ ఆ అడ్వాన్సు తీరేదాకా పని వదలడానికి వీలుండదు, కూలి రేటు బయటి రేటుకన్నా తక్కువ పలుకుతుంది. మూడోది ఉద్దెర. ఎరువులు, పురుగుమందులు నగదుకు ఒక ధర, పంట వచ్చాక కట్టే షరతు మీద మరో ధర పలకడం దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా ప్రతి సీజన్‌లో జరిగేదే.

ఈ మూడింటిలో లాభం వరుసగా కొలతలో, కూలిలో, ధరలో దాగుతుంది. ఇస్లామిక్ న్యాయశాస్త్రం, అంటే ఫిఖ్, వీటికి మూడు వేర్వేరు తీర్పులు ఇస్తుంది. నాగు నేరుగా రిబా. మేస్త్రీ అడ్వాన్సు పైకి వడ్డీ లేని అప్పే అయినా, అప్పును ఆసరా చేసుకుని పొందే ఏ ప్రయోజనమైనా రిబాయేనన్న సూత్రం ప్రకారం అదీ చెల్లదు. ఉద్దెర మాత్రం, బేరం కుదిరే రోజునే ఒక ధర ఖాయమై ఆ తర్వాత ఎంత ఆలస్యమైనా పెరగకుండా ఉంటే, ఎక్కువమంది న్యాయవేత్తల దృష్టిలో సమ్మతమే. వడ్డీ అన్న పేరు లేకపోవడం దేనికీ హామీ కాదన్న సంగతి ఇక్కడి కూలీకి ఏ శాస్త్రం చెప్పకుండానే తెలుసు. పైరూపం చూడాలా, లోపలి సారం చూడాలా అన్నదే ఇస్లామిక్ లెక్కల ప్రమాణాల మీద జరిగిన వాదమంతటికీ కేంద్రం.

ఆ వాదానికి తొలి పునాదుల్లో కొన్ని ఈ జిల్లాలకు రాజధానిగా ఉన్న హైదరాబాద్‌లోనే పడ్డాయి. నిజాం రాజ్యంలో అరబ్ జమాదార్లు, రోహిల్లాలు స్వయంగా వడ్డీ వ్యాపారం చేసినవారే, ఆ వసూళ్ల కాఠిన్యం 19వ శతాబ్దపు పాలనకు పెద్ద తలనొప్పే. మత నిషేధం ఉన్నంత మాత్రాన ఆచరణ మారదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కరలేదు. అదే నగరంలో 19వ శతాబ్దపు చివరి దశాబ్దం నుంచే వడ్డీ లేని అప్పు సంఘాలు మొదలయ్యాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించిన ముహమ్మద్ హమీదుల్లా ఆ సంఘాల గురించి 1940లలో రాశారు, హైదరాబాద్ నుంచి ఇస్లామిక్ ఆర్థిక ఆలోచనకు అందిన చేర్పుపై 1955లో ఒక జర్మన్ పత్రికలో వ్యాసం ప్రచురించారు. అదే విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనాజిర్ అహ్‌సన్ గీలానీ, అర్థశాస్త్ర శాఖను నడిపిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940లలో వెలువరించిన గ్రంథాలను ఈ రంగంలో ఇప్పటికీ తొలి పుస్తకాల్లో లెక్కిస్తారు. 1963లో ఈజిప్టులోని మిత్ ఘమ్ర్ పట్టణంలో పొదుపు బ్యాంకు ప్రయోగం మొదలయ్యే నాటికి, 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు తెరుచుకునే నాటికి హైదరాబాద్‌లో ఈ ఆలోచనకు ఒక తరం వయసు ఉన్నది. 1960లలో నగరంలో మొదలైన వడ్డీ లేని అప్పుల సంస్థ తూర్ బైతుల్ మాల్ ఆ సంప్రదాయానికి కొనసాగింపు.

బ్యాంకులు పుట్టిన పదిహేనేళ్లకు గాని ప్రమాణాల సంస్థ పుట్టలేదు. 1990 ఫిబ్రవరిలో అల్జీర్స్‌లో కుదిరిన ఒప్పందం మేరకు 1991 మార్చిలో బహ్రెయిన్‌లో నమోదైన ఆ సంస్థను ఇప్పుడు ఆయోఫీ అన్న పొట్టిపేరుతో పిలుస్తారు. ఇస్లామిక్ ఆర్థిక సంస్థల లెక్కలకు, ఆడిట్‌కు నియమాలు ఏర్పరచడం దాని పని. 1993 నుంచి అది లెక్కలు, ఆడిట్, పాలన, నైతికత, షరీఅత్ అన్న విభాగాల్లో వందకు పైగా ప్రమాణాలు వెలువరించింది. బహ్రెయిన్ వంటి కొన్ని దేశాల్లో అవి తప్పనిసరి. మలేషియా దారి వేరు: అంతర్జాతీయ ప్రమాణాలనే పాటిస్తూ, కాలానికి విలువ కట్టి చూపించడం కేవలం లెక్కల నివేదిక కోసమే గాని ఒప్పందం చెల్లుబాటుకు సంబంధించినది కాదని అక్కడి ప్రమాణాల మండలి 2009లో ప్రకటించింది. పాకిస్తాన్ 2005లో మురాబహాకు, 2007లో ఇజారాకు, అంటే ఆస్తిని కిరాయికిచ్చే ఫైనాన్సుకు, సొంత ప్రమాణాలు తెచ్చుకుని మధ్యేమార్గం పట్టింది. అంతర్జాతీయ లెక్కల మండలి కూడా 2013లో షరీఅత్ ఒప్పందాల కోసం ఒక సంప్రదింపుల బృందాన్ని ఏర్పాటు చేసింది.

మురాబహా అంటే కొన్న ధర, దాని మీద వేసుకున్న లాభం రెండూ కొనేవాడికి విడివిడిగా చెప్పి అమ్మడం. ఉద్దెర దుకాణానికీ మురాబహాకూ ఉన్న అసలు తేడా ఈ బహిరంగతలోనే ఉన్నది. 10,000 రూపాయలకు కొన్న సరుకును ఏడాది గడువు మీద 12,000కు అమ్మినప్పుడు, అంతర్జాతీయ ప్రమాణం ఆ 2,000ను ఫైనాన్సు ఆదాయంగా చూసి, వడ్డీ లెక్క కట్టినట్టే కాలం వెంట పంచుతుంది. ఆయోఫీ దాన్ని అమ్మకపు లాభం అంటుంది గాని, వాయిదా అమ్మకంలో అదీ ఆ లాభాన్ని గడువు పొడవునా పంచమనే చెబుతుంది. అంకెలు దాదాపు ఒకటే అయినప్పుడు ఇంత రచ్చ దేనికన్న విమర్శ తరచూ వినిపిస్తుంది, అది కొంతవరకు న్యాయమైనదే. తేడా తెలిసేది రైతు గడువు దాటినప్పుడు: వడ్డీ అప్పులో పద్దు పెరుగుతూ పోతుంది, మురాబహాలో 12,000 దగ్గరే ఆగిపోతుంది, ఆలస్యానికి ముందే ఒప్పుకున్న జరిమానా ఏదైనా వసూలైతే అది సంస్థ ఆదాయంలోకి రాకుండా దానధర్మాల ఖాతాకు పోవాలి. మూడేళ్లకు ఒకసారి వాన మొహం చాటేసే నేల మీద ఈ తేడా చిన్నది కాదు.

వడ్డీ లేని అప్పు, అంటే ఖర్జె హసన్, దగ్గరికి వచ్చేసరికి రెండు ప్రమాణాల మధ్య పొంతన పూర్తిగా తెగిపోతుంది. భారతదేశంలో పెద్ద కంపెనీలకు 2016 నుంచి వర్తిస్తున్న ఇండ్-ఏఎస్ ప్రమాణాల్లో 109వది, మార్కెట్ రేటుకన్నా తక్కువకు ఇచ్చిన అప్పును ఆనాటి న్యాయవిలువకు తగ్గించి రాయమంటుంది. ఏడాది గడువు మీద 10,000 రూపాయలు వడ్డీ లేకుండా ఇచ్చారనుకుంటే, మార్కెట్ రేటు 12 శాతమైన పక్షంలో, ఆ అప్పు పుస్తకంలో మొదటి రోజు 8,929గా నమోదవుతుంది. తగ్గిన 1,071 ఖర్చు పద్దుకు పోయి, ఏడాది పొడవునా అదే మొత్తం వడ్డీ ఆదాయంగా తిరిగి వస్తుంది. ఒక్క పైసా వడ్డీ ముట్టని సంస్థ నివేదికలో వడ్డీ ఆదాయం 1,071 అని అచ్చవుతుంది. చిన్న సొసైటీలకు ఈ ప్రమాణం వర్తించదు, అడిగిన వెంటనే తిరిగి చెల్లించవలసిన అప్పును ఇలా తగ్గించి రాయనక్కరలేదు. అయితే ఈ పద్ధతి పూర్తిగా తప్పని చెప్పడానికి కూడా లేదు: వడ్డీ వదులుకోవడం వల్ల సంస్థ సభ్యుల మీద పడిన త్యాగం ఎంతో అది అంకెలో చూపిస్తుంది. తప్పల్లా ఆ త్యాగం తిరిగి వడ్డీ వేషంలో ఆదాయంగా రావడంలోనే ఉన్నది. ఆయోఫీ మొదటి ప్రమాణం దీనికి మెరుగైన దారి చూపింది; ఖర్జ్ నిధికి ఎక్కడి నుంచి సొమ్ము వచ్చింది, ఎవరికి ఏ పనికి పోయింది, ఎంత తిరిగి వచ్చింది అన్న ప్రత్యేక పట్టిక ఇవ్వమన్నది, జకాత్ (తప్పనిసరి దానం), దానధర్మాల నిధికీ అలాంటి పట్టికే అడిగింది. బైతుల్ మాల్‌లలో జకాత్ సొమ్ము, పొదుపు సొమ్ము, విరాళాలు ఒకే సంచిలో కలిసిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది గనుక చిన్న సంస్థలకు పనికొచ్చే ప్రమాణం ఏదైనా ఉంటే ఇదే.

ఖర్జె హసన్ సంస్థల అసలు చిక్కు ఆఫీసు ఖర్చు. జీతాలు, అద్దె, కుదువ పెట్టిన బంగారానికి లాకరు కిరాయి ఎవరు భరించాలి? ఇస్లామీయ దేశాల సంస్థకు చెందిన ఫిఖ్ అకాడమీ 1986లో సర్వీసు చార్జీని అనుమతిస్తూ, అది వాస్తవంగా అయిన ఖర్చును మించకూడదని షరతు పెట్టింది, ఆయోఫీ ఖర్జ్ ప్రమాణం కూడా అదే అన్నది. షరతు పైకి సులభంగా కనిపించినా, దాన్ని పంచే పద్ధతిలో ధర్మసంకటం ఎదురవుతుంది. ఒక సొసైటీకి ఏడాదికి 3 లక్షల ఖర్చు అయి, 1,500 అప్పులు ఇచ్చిందనుకుంటే తలా 200 రూపాయలు పడుతుంది. అప్పు మొత్తాన్ని బట్టి చార్జీ పెంచితే అది వడ్డీలా కనబడుతుంది, ఉత్తర భారతంలోని ముస్లిం ఫండ్ సంస్థలు అప్పు పరిమాణాన్ని బట్టి దరఖాస్తు ఫారాలకు వేర్వేరు ధరలు పెట్టడం మీద వచ్చిన అభ్యంతరం ఇదే. అందరికీ సమంగా 200 వేస్తే 5,000 తీసుకున్న తోపుడుబండి వ్యాపారికి అది నూటికి నాలుగు, 50,000 తీసుకున్న దుకాణదారుకు నూటికి అర్ధరూపాయి కూడా కాదు. రూపశుద్ధి పేదవాడి మీద బరువు పెంచే ఈ చోటును ప్రమాణాల పుస్తకాలు చూసీ చూడనట్టు దాటిపోయాయి. గిరిగిరి వ్యాపారి రోజువారీ వసూలుతో పోలిస్తే ఆ 200 ఏపాటిదన్న సమాధానం నిజమే గాని, అది ప్రమాణం చెప్పవలసిన సమాధానం కాదు.

పంట మీద ముందస్తు పెట్టుబడికి ఫిఖ్‌లో సలమ్ అన్న ఒప్పందం ఉన్నది. నల్లగొండ బత్తాయి తోటల మీద దాన్ని పరీక్షించి చూడవచ్చు. ఇక్కడ వ్యాపారి పూత, పిందె దశలోనే తోట చూసుకుని గుత్తకు మాట్లాడుకోవడం, కొంత అడ్వాన్సు ఇచ్చి కోతల నాటికి ధర తగ్గించడానికి ప్రయత్నించడం, కమీషన్ ఏజెంటే అప్పు ఇచ్చినప్పుడు కాయ ఆయన దగ్గరికే పోయి తూకంలో తరుగు కోత పడడం రైతులకు అలవాటైన సంగతులు. పక్వానికి రాని కాయను చెట్టు మీదే అమ్మడాన్ని ఫిఖ్ ఘరర్ కింద నిషేధించింది. సలమ్‌లో పూర్తి సొమ్ము ఒప్పందం రోజునే చెల్లించాలి. రకం, నాణ్యత, బరువు, అప్పగించే తేదీ, చోటు రాసుకోవాలి. ఫలానా తోట కాయే కావాలని కట్టిపడేయకూడదు. రైతు తోట ఎండిపోతే అదే నాణ్యత కాయ బయట కొని ఇవ్వవచ్చు, లేదా గడువు పొడిగించుకోవచ్చు, లేదా తీసుకున్న సొమ్ము అదనం లేకుండా తిరిగి ఇవ్వవచ్చు. కొన్నవాడు చెల్లించిన సొమ్మును ఆస్తిగా రాసుకుని, సరుకు చేతికి వచ్చేనాటికి ధర పడిపోతే ఆ నష్టాన్ని తన పుస్తకంలోనే చూపాలి. దిగుబడి భయం రైతుది, ధర భయం కొన్నవాడిది అన్న ఈ పంపకం గుత్తకన్నా ఎన్నో రెట్లు మేలు. అయితే ఇస్లామిక్ బ్యాంకుల ఆస్తుల్లో సలమ్ వాటా ప్రపంచమంతటా చాలా తక్కువగానే ఉన్నది. నష్టభయం మోయవలసిన చోట బ్యాంకులు ఎప్పుడూ మురాబహా వైపే ఒరిగాయి.

సారాన్ని వదిలి రూపాన్ని పట్టుకున్నారన్న ఆరోపణ ఆ వ్యవస్థ లోపలి నుంచే వచ్చింది. ఆయోఫీ షరీఅత్ మండలి అధ్యక్షుడు ముఫ్తీ తఖీ ఉస్మానీ 2007లో సుకూక్ పత్రాల మీద ఇలాంటి విమర్శే చేశారు. ఆస్తిలో వాటాగా అమ్ముతూ, చివరికి ముఖవిలువకే తిరిగి కొంటామని హామీ ఇవ్వడం బాండుకు మారుపేరేనన్నది దాని తాత్పర్యం. 2008 ఫిబ్రవరిలో సంస్థ నిబంధనలు బిగించింది.

నైతిక ప్రమాణాల విషయానికి వస్తే, లెక్కలు రాసేవారికి, ఆడిటర్లకు ఆయోఫీ ఏర్పరచిన నియమావళి విశ్వసనీయత, ధర్మసమ్మతి, నిష్పాక్షికత, వృత్తి నైపుణ్యం, విశ్వాసానికి తగిన నడవడి, వృత్తి ప్రమాణాల పాలన అన్న సూత్రాల మీద నిలుస్తుంది. దీని వెనుక అమానత్ అన్న భావన ఉన్నది: సొమ్ము ఎవరి చేతిలో ఉన్నా అసలు యజమాని దేవుడు, చేతిలో ఉన్నవాడు కావలిదారు. మాటలు గొప్పవే. ఆచరణలో కీలకమైన చిక్కు, సంస్థ ఒప్పందాలను తనిఖీ చేసే షరీఅత్ మండలి సభ్యులకు జీతభత్యాలు ఇచ్చేది ఆ సంస్థే కావడం, కొద్దిమంది పండితులే పదుల మండలుల్లో కూర్చోవడం. మలేషియా 1997లో కేంద్ర బ్యాంకు స్థాయిలో ఒకే షరీఅత్ సలహా మండలిని ఏర్పాటు చేసి, 2009 చట్టంతో దాని నిర్ణయాలకు కట్టుబాటు కల్పించి ఈ చిక్కును కొంత విప్పుకుంది. భారతదేశంలో ఆ పాత్ర వహించేవారు ఎవరూ లేరు.

లేకపోవడం వల్ల కలిగిన నష్టం కాగితం మీదిది కాదు. హలాల్ పెట్టుబడి పేరుతో ప్రజల నుంచి సొమ్ము సేకరించిన బెంగళూరు సంస్థ ఐఎంఏ 2019లో కుప్పకూలింది. పొదుపరులను డిపాజిటర్లుగా కాక పరిమిత బాధ్యత భాగస్వామ్యంలో భాగస్తులుగా చూపించడం దాని పద్ధతి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు మీద కూడా మదుపరుల ఫిర్యాదులతో 2018లో కేసులు నమోదై కోర్టులకెక్కాయి. ముదారబా, అంటే ఒకరి పెట్టుబడి మరొకరి శ్రమ కలిసిన భాగస్వామ్యం, గురించి కనీస అవగాహన ఉన్న మదుపరి ఒక ప్రశ్న అడిగి ఉండవలసింది: లాభంలో వాటా మాత్రమే రాసుకోవలసిన ఒప్పందంలో నెలనెలా దాదాపు ఒకే మొత్తం ఎలా వస్తున్నది? ఆయోఫీ లెక్కల ప్రకారమైతే మదుపు ఖాతాల లాభం పంచిన తీరు, లాభాన్ని సమం చేయడానికి పక్కన పెట్టిన నిల్వ, సంస్థ నిర్వాహకుల వాటా అన్నీ విడిగా చూపాలి. అలాంటి పట్టిక అడిగే నియంత్రణ సంస్థ లేనప్పుడు గడ్డం, టోపీ, ఖుర్‌ఆన్ ఆయత్ అచ్చైన క్యాలెండరు ఆడిట్ నివేదిక స్థానాన్ని ఆక్రమిస్తాయి.

చట్టం దారి ఇవ్వకపోవడానికి కారణాలు స్పష్టమే. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 8వ సెక్షన్ బ్యాంకులు సరుకు కొని అమ్మడాన్ని నిషేధిస్తుంది, 9వ సెక్షన్ స్థిరాస్తి ఉంచుకోవడానికి హద్దులు పెడుతుంది. ఆ రెండూ మురాబహాకు, ఇజారాకు అడ్డంకులే. రిజర్వు బ్యాంకు 2005లో నియమించిన బృందం ఈ చిక్కులను ఎత్తిచూపింది. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను అనుమతించాలన్నది. 2015లో దీపక్ మొహంతీ కమిటీ మామూలు బ్యాంకుల్లోనే వడ్డీ లేని విండోలు తెరవమన్నది. 2017లో రిజర్వు బ్యాంకు, పౌరులందరికీ బ్యాంకు సేవలు అందుబాటులో ఉన్నాయంటూ ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. అందుకే ఈ ఆలోచనతో పనిచేసేవారికి మిగిలిన ఇరుకు దారి సహకార సంఘమే, తెలుగు ప్రాంతాల్లో దానికి వీలు కల్పించింది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం.

విచిత్రమేమిటంటే ఈ జిల్లాల్లో అత్యధికుల నోట వినబడే వడ్డీ లేని రుణం ప్రభుత్వానిది. పావలా వడ్డీ పథకం తర్వాత 2012 నుంచి మహిళా స్వయం సహాయక సంఘాలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వడ్డీ లేని రుణాలు ప్రకటించింది, తెలంగాణ ఏర్పడ్డాక కూడా పథకం కొనసాగింది. దీని లెక్క చూస్తే బ్యాంకు సంఘం ఖాతాలో నెలనెలా వడ్డీ వేస్తుంది, సభ్యులు వాయిదా తప్పకుండా అసలుతో పాటు ఆ వడ్డీ కూడా కడతారు, ఆ తర్వాత ప్రభుత్వం వడ్డీ మొత్తాన్ని తిరిగి జమ చేస్తుంది. జమ ఆలస్యమైన ఏళ్లలో సభ్యులు ముందు చెల్లించి, తర్వాత ఎదురుచూశారు. ఫిఖ్ దృష్టిలో ఇది వడ్డీ అప్పే, చెల్లించినవాడు మారాడంతే. అయినా నూటికి మూడు రూపాయల వడ్డీ నుంచి తప్పించుకున్న మహిళకు అది నిజమైన మేలు. ఖర్జె హసన్ సొసైటీ ఇందుకు తలకిందులు: వడ్డీ పద్దు ఎక్కడా లేదు, కాని చార్జీ పద్దు ఉన్నది. రెండింటి మధ్య పోలిక తేవాలంటే అప్పు తీసుకున్న మనిషి ఏడాదిలో తన జేబు నుంచి మొత్తం ఎంత పెట్టింది, ఏ తేదీన పెట్టింది, ఎంత ఎప్పుడు తిరిగి వచ్చింది అన్న ఒకే పట్టిక రెండుచోట్లా ఉండాలి. ఆయోఫీ ప్రమాణాలు సంస్థ వైపు నుంచి రాసినవి, ఇండ్-ఏఎస్ పెట్టుబడిదారు వైపు నుంచి రాసినది, బ్యాంకు పాసుపుస్తకం బ్యాంకు వైపు నుంచి రాసినది. బాకీదారు వైపు నుంచి పట్టిక అడిగే ప్రమాణం వీటిలో ఇప్పటికీ లేదు, సహకార సంఘాల వార్షిక ఆడిట్ ఫారంలో కూడా దానికి గడి లేదు.